జీఏ వేసినా పెసలు అంతే మొలిచాయి, కాడలు మాత్రం సాగి పడిపోయాయి: తేడా ఎక్కడ కొట్టింది?

ఉప్పల్‌లో మిద్దెతోట పెంచుకునే ఒకరి ప్రశ్న ఇది. కొట్లో దొరికే జిబ్బరెలిక్ ఆమ్లం (జీఏ అనే మొక్కల హార్మోను) సీసా తెచ్చి, లీటరు నీళ్ళకు 2 మి.లీ. కలిపి పెసలు నానబెట్టారు. ఉత్త నీళ్ళలో నానినవీ, మందులో నానినవీ ఒకేసారి మొలకెత్తాయి. మందు చాల్లేదేమోనని 90% పొడి తెప్పించి, గ్లాసు నీళ్ళలో చిటికెడు వేసి మళ్ళీ నానబెడితే ఈసారి మొలకలు దారాల్లా సాగి నాలుగైదు రోజులకే వాలిపోయాయి. అదే నీళ్ళలో నానిన బొప్పాయి గింజలు డిసెంబరు మొదట్లో కుండీల్లో వేస్తే మూడు వారాలైనా పైకి రాలేదు. "ఇంతకీ ఈ హార్మోను గింజను మొలిపిస్తుందా, కాడను సాగదీస్తుందా, లేక అంతా ప్రచారమేనా?" అని అడిగారు.

రెండూ చేస్తుందండీ. కానీ ఎక్కడ అడ్డు ఉందో అక్కడే చేస్తుంది. మీ మూడు ఫలితాల్లో ఒక్కటి కూడా వింత కాదు.

ముందు లెక్క చూద్దాం. మీ సీసా మీద చిన్న అక్షరాల్లో 0.001% అని ఉండాలి. ద్రవంగా అమ్మే జీఏ మందుల్లో ఎక్కువగా కనిపించే బలం అదే. 0.001 శాతం అంటే లీటరుకు 10 మిల్లీగ్రాములు, అంటే 10 పీపీఎం. చుక్క నీరు కలపకుండా సీసా మొత్తం గిన్నెలో పోసి గింజలు నానేసినా 10 పీపీఎం దాటదు. అందులోంచి 2 మి.లీ. తీసి లీటరు నీళ్ళలో కలిపితే మిగిలేది 0.02 పీపీఎం. ఆ సీసా పైరు మీద పిచికారీకి చేసినది, దాని లెక్క వేరు. నిద్రలో ఉన్న, అంటే తడి తగిలినా మొలవకుండా ఆగి ఉన్న గింజను లేపాలంటే 100 నుంచి 200 పీపీఎం కావాలి, కొన్నిటికి 500 కూడా. ఇక రెండోసారి వేసిన చిటికెడు పావు గ్రాము అనుకుందాం. 90% పొడి గనక అసలు మందు 225 మిల్లీగ్రాములు. 200 మి.లీ. గ్లాసులో అది 1,100 పీపీఎం పైమాటే. అంటే మొదటిసారికీ రెండోసారికీ మధ్య యాభై వేల రెట్లకు పైగా తేడా. ఒకసారి ఏమీ వేయనట్టే, ఇంకోసారి ముంచేసినట్టే.

మూడో సంగతి, పెసలకు ఈ మందుతో పనే లేదు. ఎందుకో తెలియాలంటే గింజ లోపల ఏం జరుగుతుందో కాస్త చూడాలి.

పండిన టమాటా కోయండి. లోపల గింజలన్నీ తడి జిగురులో ఉంటాయి. నీరుంది, వెచ్చదనం ఉంది, అయినా ఒక్కటీ మొలవదు. మొలవనివ్వకుండా పట్టి ఉంచేది ఆబ్సిసిక్ ఆమ్లం, దాన్నే ఏబీఏ అంటారు. గింజ తయారవుతున్నప్పుడు తల్లి మొక్క నుంచి కొంత, పిండం తనంతట తాను కొంత తయారుచేసుకుంటాయి. దానికి తోడు జిగురులోని చక్కెరలు, లవణాలు గింజకు నీరు సరిగా అందనివ్వవు. అందుకే టమాటా గింజలు తీసేవాళ్ళు గుజ్జును ఒకటి రెండు రోజులు పులియబెట్టి, జిగురు పోయేదాకా కడిగి ఆరబెడతారు. ఈ పట్టు మరీ సడలితే ఏమవుతుందో మన రైతులకు బాగా తెలుసు: కోతల సమయంలో నాలుగు రోజులు ముసురు పడితే, నిద్రావస్థ లేని వరి రకాలు వెన్ను మీదే తెల్లగా మొలకలేస్తాయి.

ఏబీఏకి ఎదురు నిలిచేది జిబ్బరెలిన్. మొక్కల్లో జిబ్బరెలిన్లు వందకు పైగా ఉన్నా గట్టిగా పనిచేసేవి నాలుగైదే. మనం కొనే పొడి వాటిలో ఒకటి, జీఏ3, దాన్ని బూజు చేత తయారుచేయిస్తారు. గింజ మొలవడమా, ఆగడమా అన్నది ఈ రెండింటిలో ఏది ఎంత ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. కణంలో డెల్లా అనే ప్రొటీన్లు కళ్ళెంలా ఉండి పెరుగుదల జన్యువులను ఆపి ఉంచుతాయి. జిబ్బరెలిన్ వచ్చి తన గ్రాహకానికి అతుక్కుంటే, ఆ జంట డెల్లాను పట్టుకుని కణంలోని చెత్త మిల్లుకు పంపిస్తుంది. కళ్ళెం పోతుంది, గింజ కదులుతుంది. కాడలో జరిగేదీ అచ్చం ఇదే. ఒకే హార్మోను మొలకనూ ఎత్తునూ ఎలా నడిపిస్తుందన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది: అది తోయదు, పట్టు విడిపిస్తుంది. పట్టే లేనిచోట విడిపించడానికి ఏముంటుంది?

పెసల్లో కొత్త పంట గింజకు కూడా చెప్పుకోదగ్గ నిద్ర ఉండదు. మన ఇళ్ళలో ఉండే వేడికి ఆరేడు గంటల్లో నీరు తాగి ఉబ్బుతుంది, ఒక రోజులో వేరు బయటపడుతుంది. ఆ ఉబ్బడం మొలక కింద లెక్క కాదు. చచ్చిన గింజ కూడా నీరు పీల్చి ఉబ్బుతుంది. గింజల లెక్క రాసేటప్పుడు వేరు 2 మి.మీ. బయటికొస్తేనే మొలకగా లెక్కపెట్టండి. జీఏ ప్రభావం ఏదైనా ఉంటే 14, 18, 22 గంటలప్పుడు చూస్తే కాస్త ముందు వెనుకలుగా కనబడొచ్చు. రెండో రోజు పొద్దున చూసేవారికి అన్నీ ఒకటే. ఉబ్బకుండా గులకరాళ్ళలా మిగిలిపోయే నాలుగు గింజలకు కారణం హార్మోను కాదు, నీరు దిగని పైపొట్టు. వాటిని గరుకు కాగితం మీద ఒకసారి రాసి చూడండి, సాయంత్రానికి ఉబ్బుతాయి. కాకర లాంటి వాటి దగ్గర కూడా మందు జోలికి పోయేముందు గింజకు నీరు దిగుతోందా అన్నదే మొదటి ప్రశ్న. మొన దగ్గర గోళ్ళ కత్తెరతో కొంచెం పగలగొడితే చాలు.

హార్మోను గింజలో పనిచేయడం కళ్ళారా చూడాలంటే పెసలు పనికిరావు, గోధుమ కావాలి. గోధుమ, బార్లీ లాంటి తిండి గింజల్లో పిండి ఉన్న భాగం దాదాపు ప్రాణం లేని మూట. దాని చుట్టూ, తవుడులో కలిసి వచ్చే ఒక బతికున్న పొర ఉంటుంది, అల్యూరోన్ పొర. పిండం జిబ్బరెలిన్ పంపితే ఆ పొర ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైము వదులుతుంది, అది పిండిని చక్కెరగా విరుస్తుంది. 1960లో జపాన్‌లో యోమో, ఆస్ట్రేలియాలో పేలెగ్ ఎవరికి వారు బార్లీ మీద ఇదే చూపించారు. పిండం తీసేసిన సగం గింజ కూడా జిబ్బరెలిన్ ఇస్తే పిండిని కరిగించుకుంది. కిరాణా కొట్లో జావకని అమ్మే బార్లీతో ఈ ప్రయోగం చేయకండి. అది పాలిష్ పట్టినది, ఆ పొరే ఉండదు. ముడి గోధుమలు తెచ్చుకోండి.

గోధుమలను బట్టలకు వాడే బ్లీచ్ ద్రావణం ఒక వంతు, నీళ్ళు మూడు వంతులు కలిపిన దాంట్లో 10 నిమిషాలు ఉంచి, మరిగించి చల్లార్చిన నీళ్ళతో ఐదుసార్లు కడగండి. పదునైన కొత్త బ్లేడుతో అడ్డంగా కోసి, ముడుత కనిపించే పిండం వైపు ముక్కను పారేయండి, కుచ్చు ఉన్న ముక్కను ఉంచుకోండి. దాన్ని శుభ్రమైన తడి గుడ్డలో ఒక రోజు నాననివ్వండి. 100 మి.లీ. నీటిలో అర గ్రాము మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్), గ్రామున్నర అగర్ (చైనా గ్రాస్ పనికొస్తుంది) వేసి మరిగించి, చెయ్యి ఓర్చుకునేంత వేడికి దిగాక ఒక గిన్నెలో 1 పీపీఎం అయ్యేలా జీఏ కలపండి, రెండో గిన్నెలో కలపకండి. మరుగుతున్నప్పుడు వేస్తే జీఏ పాడవుతుంది. పలుచగా గట్టిపడ్డాక సగం గింజలను కోసిన వైపు కిందికి ఉండేలా పెట్టి, మూతేసి రెండు రోజులు చీకట్లో ఉంచండి. తర్వాత గింజలు తీసేసి, మెడికల్ షాపు టింక్చర్ అయోడిన్‌ను పది రెట్లు పలుచన చేసి పోయండి. పళ్ళెమంతా నల్లటి నీలమవుతుంది. జీఏ ఉన్న దాంట్లో ఒక్కో గింజ ఉన్నచోట తెల్లటి వలయం మిగులుతుంది, లేనిదాంట్లో ఉండదు, ఉన్నా చాలా చిన్నది. రెండు పళ్ళేలూ తెల్లబడ్డాయంటే బూజు గానీ బాక్టీరియా గానీ చేరి పిండి తినేసిందని అర్థం. వాసన చూస్తే తెలిసిపోతుంది. కడగడం దగ్గర బద్ధకిస్తే పదిసార్లు చేసినా అంతే.

ద్రావణం తయారీలో మూడు చోట్ల పొరపాటు జరుగుతుంది. ఒకటి, జీఏ పొడి నీళ్ళలో తొందరగా కరగదు. పైకి కరిగినట్టే ఉంటుంది, అడుగున రవ్వలు మిగులుతాయి. 100 మిల్లీగ్రాముల అసలు మందును (90% పొడైతే 111 మి.గ్రా.) 5 మి.లీ. ఇథనాల్ లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పూర్తిగా కరిగించి, తర్వాత కలుపుతూ నీళ్ళు పోసి 100 మి.లీ. చేయండి. ఇది 1,000 పీపీఎం తల్లి ద్రావణం. దీంట్లో 20 మి.లీ. తీసి 80 మి.లీ. నీళ్ళు కలిపితే 200 పీపీఎం. 10కి 90 అయితే 100 పీపీఎం. 1కి 99 అయితే 10 పీపీఎం. నీళ్ళలో కరిగే 40% గుళికలు దొరికితే ఆల్కహాలే అక్కర్లేదు, 250 మి.గ్రా. తీసి 100 మి.లీ. నీళ్ళలో వేస్తే అదే 1,000 పీపీఎం. మిల్లీగ్రాములు తూచే త్రాసు లేనివాళ్ళు ఒక గ్రాము పొట్లం కొని మొత్తం ఒకేసారి లీటరు (90% పొడైతే 900 మి.లీ.) చేసుకుంటే తూకం బెడదే ఉండదు. రెండు, నీళ్ళు. మన ఊళ్ళో చాలా కాలనీల బోరు నీళ్ళు గట్టి నీళ్ళు, క్షారం వైపు మొగ్గుతాయి. క్షారంలో, వేడిలో జీఏ బలం తగ్గిపోతుంది. ఆర్వో నీళ్ళు గానీ డిస్టిల్డ్ గానీ వాడండి, తల్లి ద్రావణాన్ని ఫ్రిజ్‌లో పెట్టండి, పలుచన చేసినదాన్ని ఆ రోజే వాడి పారబోయండి. మూడు, పోల్చి చూసే ఉత్త నీళ్ళ గిన్నెలో కూడా అంతే ఆల్కహాల్ పడాలి. లేకపోతే తేడా వచ్చినా అది దేనివల్లో చెప్పలేరు.

ఇక ఏ గింజకు పనిచేస్తుంది? శ్రీగంధం గింజలకు 500 పీపీఎంలో ఒక రాత్రి నానబెట్టడం నర్సరీల్లో మామూలు పద్ధతి. అది లేకుంటే నెలల తరబడి ఒకటీ అరా వస్తూ ఉంటాయి. లెట్యూస్ గింజకు మొలవడానికి వెలుతురు కావాలి. ఎరుపు వెలుగు లేపుతుంది, ఆ వెంటనే దూరపు ఎరుపు (ఫార్ రెడ్, కంటికి కనబడే ఎరుపు అంచున ఉండే వెలుగు) పడితే మళ్ళీ పడుకుంటుంది. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో తేల్చిన సంగతి ఇది. చీకట్లో ఉన్నా జీఏ ఇస్తే మొలుస్తుంది. అయితే హైదరాబాద్‌లో లెట్యూస్ రాకపోవడానికి అసలు కారణం మార్చి తర్వాతి వేడి. 30 డిగ్రీలు దాటితే గింజ తనంతట తానే ఏబీఏ పెంచుకుని ముడుచుకుంటుంది. తడి గుడ్డలో చుట్టి ఒక రోజు చల్లని చోట, 15 నుంచి 20 డిగ్రీల్లో ఉంచి సాయంత్రం పూట వేయండి, మట్టి పైపైనే కప్పండి.

కొత్తగా కోసిన వరికి రైతులు జీఏ వాడరు, వాడాల్సిన పనీ లేదు. లీటరు నీటికి నిద్ర తక్కువున్న రకాలకు 6.3 మి.లీ., ఎక్కువున్న వాటికి 10 మి.లీ. గాఢ నత్రికామ్లం కలిపి, ఒక రోజు నానబెట్టి, బాగా కడిగి మండె కట్టడం (తడి గింజలను కప్పి మొలకెత్తించడం) మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల పాత సిఫారసు. ఆమ్లాన్ని నీళ్ళలో పోయాలి, నీళ్ళను ఆమ్లంలో ఎప్పుడూ పోయకూడదు. ప్లాస్టిక్ తొట్టి, రబ్బరు తొడుగులు తప్పనిసరి. మిద్దె మీద నాలుగు గుప్పెళ్ళ వరికి ఈ తంటా ఎందుకు, నెలన్నర ఆగితే నిద్ర దానంతట అదే వదులుతుంది. వేరుశనగది మరో దారి. నిద్ర ఉన్న రకాలకు 10 లీటర్ల నీటిలో 5 మి.లీ. ఇథరిల్ కలిపి 12 గంటలు నానబెడతారు. ఇథరిల్ గింజలోకి వెళ్ళాక ఇథిలీన్ వాయువు వదులుతుంది, ఆ వాయువు ఏబీఏ పట్టు సడలిస్తుంది. క్షారపు బోరు నీళ్ళలో కలిపితే గిన్నెలోనే వాయువు వదిలేసి, గింజకు చేరేసరికి ఏమీ మిగలదు. కరివేపాకు గింజలకు ఇవేవీ అక్కర్లేదు. గుజ్జు తీసి ఎండబెట్టకుండా వెంటనే వేయాలి, ఎండితే చచ్చిపోతాయి. చచ్చినదాన్ని ఏ హార్మోనూ లేపలేదు.

ఇప్పుడు కాడ. జిబ్బరెలిన్ దొరికిందే కాడ సాగే జబ్బులో. జపాన్ రైతులు 'బకానే', అంటే వెర్రి మొలక అని పిలిచే తెగులు ఒకటుంది. సోకిన వరి నారు పక్కవాటికంటే జానెడు ఎత్తు సాగి, పాలిపోయి, పడిపోతుంది. 1926లో కురొసావా అనే శాస్త్రవేత్త ఆ బూజు పెరిగిన ద్రవాన్ని వడకట్టి, బూజు లేకుండా నారుకు పోస్తే చాలు అలాగే సాగుతుందని చూపించాడు. 1935లో యబుతా దానికి జిబ్బరెలిన్ అని పేరు పెట్టాడు. మీ 1,100 పీపీఎం గ్లాసులో జరిగింది సరిగ్గా వెర్రి మొలకే. కాడ సాగడానికి కావలసిన కణాలు పొడవయ్యాయి, కానీ వాటి గోడలు మందమయ్యేంత తిండి మొలక దగ్గర లేదు. పెసర గింజలో ఉన్న నిల్వ అంతే. అదే నిల్వను రెండింతల పొడవుకు పంచితే కాడ దారమే అవుతుంది. ఆకు లేత పసుపుగా కనిపించడం కూడా ఇందులో భాగమే, యూరియా వేస్తే పోదు.

ఒక మాట. మిద్దెల మీద మొలకలు సాగిపోవడానికి నూటికి తొంభై సార్లు కారణం సీసాలోని హార్మోను కాదు, మొక్క తనలో తాను చేసుకునేదే. వెలుతురు చాలకపోయినా, పక్క మొక్కల ఆకుల గుండా వడకట్టిన వెలుగు పడినా, మొక్క తాను నీడలో ఉన్నానని గ్రహించి ఆక్సిన్ అనే మరో హార్మోనునూ జిబ్బరెలిన్‌నూ పెంచుకుని పైకి పాకుతుంది. 75% షేడ్ నెట్ కింద, వంటింటి కిటికీ దగ్గర టమాటా నారు పోసేవాళ్ళు చూసేది ఇదే. మొలక తల కనబడిన రోజే ట్రేను వెలుగులోకి తేవాలి. వేసవిలో 50% నెట్ చాలు, చలికాలంలో పొద్దుటి ఎండ నేరుగా పడనివ్వండి. రోజుకు రెండుసార్లు నారు తలల మీద అరచేతితో పది పదిహేనుసార్లు మెల్లగా నిమిరితే కాడలు కురచగా, మందంగా తయారవుతాయి. గాలి తగిలిందని మొక్క అనుకుంటుంది. ఏ మందుకంటే ఇది నయం.

కురచ చేసే మందులు లేకపోలేదు. పత్తిలో మెపిక్వాట్ క్లోరైడ్, మామిడిలో పాక్లోబ్యూట్రజాల్ జిబ్బరెలిన్ తయారీనే అడ్డుకుంటాయి. పాక్లోబ్యూట్రజాల్ మట్టిలో నెలల తరబడి ఉండిపోతుంది కాబట్టి కూరగాయల కుండీల్లోకి దాన్ని రానివ్వకండి.

ఆక్సిన్ గురించి రెండు ముక్కలు. కాడ కొనలో పుట్టి కిందికి దిగుతుంది, కణం గోడను ఆమ్లంగా మార్చి వదులు చేస్తుంది, లోపలి నీటి ఒత్తిడికి కణం సాగుతుంది. ఇది నిమిషాల్లో మొదలయ్యే పని, జిబ్బరెలిన్ పని గంటల్లో. తులసి, చామంతి కొనలు గిల్లితే పక్క కొమ్మలు రావడం ఆ పైనుంచి దిగే ఆక్సిన్ ఆగడం వల్లే. కొమ్మల వేళ్ళ కోసం అమ్మే రూటింగ్ పౌడర్ ఆక్సినే, దాన్ని గింజలకు అద్దకండి. కాడను సాగించే మోతాదే వేరును ఆపేస్తుంది. వేరు పొట్టిగా ఉబ్బి కూర్చుంటుంది.

మగ్గిన పండు వదిలే ఇథిలీన్ పని చూడాలంటే ఖర్చే లేదు. మొలకెత్తిన పెసలను రెండు మూత డబ్బాల్లో సగం సగం వేసి, ఒకదాంట్లో బాగా మగ్గిన అరటిపండు ముక్క పెట్టి, రెండింటినీ చీకట్లో మూడు రోజులు ఉంచండి. అరటి ఉన్న డబ్బాలో కాడలు పొట్టిగా, లావుగా, కొన కొక్కెంలా వంగి, అడ్డంగా పాకుతుంటాయి. వీటిలో పొట్టి కావడం, లావెక్కడం, అడ్డంగా పాకడం అన్న మూడు మార్పులను 1901లో రష్యాలో నెల్యుబోవ్ అనే శాస్త్రవేత్త బఠాణీ మొలకల్లో గమనించాడు. అక్కడ ఆ వాయువు వచ్చింది ప్రయోగశాలలో వెలిగే గ్యాస్ దీపాల నుంచి.

కాడ మీద జీఏ పని స్పష్టంగా కనబడాలంటే మళ్ళీ అడ్డు ఉన్న మొక్కనే ఎంచుకోవాలి. పొట్టి బఠాణీ తెచ్చుకోండి, అర్కెల్ రకం దొరుకుతుంది. నవంబరు నుంచి జనవరి లోపు చేయండి, మన ఎండాకాలానికి బఠాణీ ఓర్వదు. మెండెల్ చూసిన పొట్టి బఠాణీలో లోపం ఏమిటో 1997లో తేలింది: జిబ్బరెలిన్ తయారీలో చివరి మెట్టు దాటించే ఎంజైము సరిగా లేదు. కాబట్టి బయటి నుంచి ఇస్తే పుచ్చుకుంటుంది. కుండీకి ఆరు గింజల చొప్పున నాలుగు కుండీలు వేసి, మొలిచిన వారం తర్వాత ఒకే ఎత్తున్న మొక్కలు నాలుగేసి ఉంచి మిగిలినవి పీకేయండి. రెండు కుండీల్లో 100 పీపీఎం ద్రావణం, రెండింట్లో ఉత్త ఆల్కహాల్ నీళ్ళు. 40 గీతల ఇన్సులిన్ సిరంజితో ఒక గీత, అంటే 0.025 మి.లీ., కొన దగ్గరి ఆకు మీద పెట్టండి. చుక్క జారకుండా 100 మి.లీ. ద్రావణంలో ఒక చుక్క షాంపూ కలపండి. రెండు రోజులకోసారి ఎత్తుతోపాటు కణుపులు ఎన్ని ఉన్నాయో కూడా రాయండి. పది రోజులకు మందు పెట్టినవి రెండింతల దాకా పోయి ఉంటాయి, కణుపుల లెక్క మాత్రం దాదాపు మారదు. సాగింది కణుపుకీ కణుపుకీ మధ్య ఉన్న కాడ. చాలామంది ఎత్తు ఒక్కటే రాస్తారు, అసలు విషయం కణుపుల దగ్గర ఉంది.

ఇదే పరీక్ష పొట్టి గోధుమ మీద చేసి మందు నకిలీదని తిట్టేవాళ్ళుంటారు. నేటి పొట్టి గోధుమ రకాల్లో చాలావాటికి పొట్టితనం జపాన్ రకం నోరిన్-10 నుంచి వచ్చింది. అందులో జిబ్బరెలిన్‌కు లోటు లేదు, డెల్లా కళ్ళెమే మారిపోయి ఎంత జిబ్బరెలిన్ వచ్చినా వదలదు. వరి సంగతి వేరు. 1966లో వచ్చిన ఐఆర్-8, ఆ తర్వాత దాని దారిన వచ్చిన పొట్టి రకాల్లో జిబ్బరెలిన్ తయారీ తగ్గింది, కళ్ళెం మామూలుదే. అందుకే వాటి నారుకు 10 పీపీఎం ఇచ్చినా ఆకు తొడిమ సాగుతుంది. రెండు పైర్లూ పొట్టివే, రెండూ హరిత విప్లవం తెచ్చినవే, మందుకు మాత్రం ఒకటి పలుకుతుంది, ఒకటి పలకదు. మారుటేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ వరికి ముంపు తట్టుకునే జన్యువు చేర్చి 2009లో విడుదల చేసిన స్వర్ణ సబ్-1లో మరో చమత్కారం ఉంది. నీట మునిగినప్పుడు అది జిబ్బరెలిన్ మాట వినకుండా కాడ సాగడాన్ని ఆపుకుని, రెండు వారాల దాకా ఉన్న తిండిని పొదుపు చేసుకుంటుంది.

కాడ సాగడమే డబ్బు తెచ్చే చోటు కూడా ఒకటుంది. కరీంనగర్, వరంగల్ వైపు హైబ్రిడ్ వరి విత్తనం పండించేవాళ్ళు జీఏను గ్రాముల్లో కొంటారు. ఆడ వరుసల్లో పై కణుపు సరిగా సాగక వెన్ను కొంత భాగం పోటాకు (చివరి ఆకు) తొడిమలోనే ఇరుక్కుంటుంది, అక్కడి పూలకు పుప్పొడి అందదు. పది వెన్నుల్లో ఒకటి రెండు బయటపడ్డప్పుడు ఎకరాకు మొత్తం 18 నుంచి 24 గ్రాముల అసలు మందును రెండు వరుస రోజుల్లో, మొదటి రోజు 40 శాతం, మర్నాడు 60 శాతం, పొద్దున్నే పిచికారీ చేస్తారు. నాలుగు రోజులు ముందే కొడితే కింది కణుపులు సాగి పైరు పడిపోతుంది. ఆలస్యమైతే కణుపు ముదిరిపోయి సాగదు. మీ పెసర మొలకలు పడిపోవడానికీ, ఆ పొలం పడిపోవడానికీ కారణం ఒకటే.

మిగిలింది మీ బొప్పాయి. అది మొలవలేదని అప్పుడే తేల్చేయకండి. బొప్పాయికి మట్టి 25 నుంచి 30 డిగ్రీల వెచ్చగా ఉంటే రెండు వారాల్లో వస్తుంది. డిసెంబరులో మన రాత్రులు 15 డిగ్రీలకు, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతాయి, మిద్దె మీద కుండీ మట్టి ఇంకా చల్లబడుతుంది. ఆ చలిలో నాలుగైదు వారాలు పట్టడం మామూలే. కుండీలను రాత్రిళ్ళు ఇంట్లో ఫ్రిజ్ పైన పెట్టండి, పగలు దక్షిణపు గోడ పక్కన తెల్లటి పాలిథీన్ కప్పి ఉంచండి, మట్టి చెమ్మగా ఉండాలి గానీ బురద కాకూడదు. ఆరో వారానికీ రాకపోతే ఒక గింజను తవ్వి గోటితో నొక్కండి. గట్టిగా ఉండి, కోస్తే లోపల తెల్లగా ఉంటే బతికే ఉంది, ఇంకో రెండు వారాలు ఇవ్వండి. మెత్తగా నలిగి వాసన వస్తే కుళ్ళింది. మళ్ళీ వేయాలంటే ఫిబ్రవరి రెండో సగంలో వేయండి. పండు నుంచి తీసిన గింజైతే చుట్టూ ఉన్న జిగురు సంచిని బూడిదతో రుద్ది పూర్తిగా పోగొట్టండి, మొలకను ఆపే పదార్థాలు అందులోనే ఉంటాయి. నీళ్ళలో తేలినవి పారేసి, మునిగినవాటిని 200 పీపీఎంలో 12 గంటలు నానబెట్టి, సెంటీమీటరు లోతున పెట్టండి. పది గింజలకు జీఏ, పది గింజలకు ఉత్త నీళ్ళు. ఖరీదైన హైబ్రిడ్ గింజలైతే ముందు ఈ పరీక్షను నాటు బొప్పాయి గింజల మీద చేసుకోండి.